చుక్క కారని వేసవి

అక్క కుడిచేతికి కట్టు వేసిన మూడో రోజున నేను వాళ్ళింటికి వచ్చాను. సంచి కింద పెట్టానో లేదో, అక్క నన్ను గుమ్మం ముందున్న డాబా మీదికి లాక్కెళ్ళింది. ఎడమచేత్తో పిట్టగోడ పొడవునా చూపించి, "లెక్కపెట్టు" అంది.

లెక్కపెట్టాను. రంగు బకెట్లు తొమ్మిది, నూనె డబ్బాలు నాలుగు, అంచు విరిగిన బట్టల టబ్బు, ఎవరింట్లోనో పీకేసిన చేతులు కడుక్కునే సింకు, నిలువుగా కోసిన లావుపాటి పైపు ముక్కలు రెండు. మొత్తం పదిహేడు. బావ ప్లంబరు. పనికి వెళ్ళిన ప్రతి ఇంట్లో పారేసేవన్నీ మోసుకొచ్చి అక్కకిచ్చేవాడు. అక్క వాటిలో మట్టి నింపింది. బకెట్లలో టమాటా, మిరప, బెండ. డబ్బాల్లో వంగ. టబ్బులో పాలకూర. పైపుల్లో కొత్తిమీర, సింకులో పుదీనా.

"వీటిలో ఒక్క ఆకు తగ్గినా నాకు తెలియాలి" అంది అక్క. తర్వాత గొంతు తగ్గించి, కళ్ళతో డాబా అవతలి చివరనున్న గదిని చూపించింది. "అటు చూడకు. చూసినా చూస్తున్నట్టు చూడకు."

ఆ గదిలో ఒక పెద్దావిడ ఒంటరిగా ఉండి బట్టలు కుట్టేది. అందరూ మెషీనమ్మ అనేవారు. తలుపు తెరిచి, వెలుతురు పడేలా మెషీను గుమ్మానికి అడ్డంగా వేసుకుని కూర్చునేది. తల ఎత్తితే ఎదురుగా మా బకెట్లే.

"నేను పడ్డ రోజు పొద్దున పై మెట్టు మీద నీళ్ళున్నాయి" అంది అక్క. "నేను పోయలేదు. మీ బావ పోయలేదు. ఈ డాబా మీద మూడో మనిషి ఎవరు? నువ్వే చెప్పు."

నేను ఏం చెప్పగలను? అప్పుడే బస్సు దిగిన దాన్ని.

కట్టు పట్టడానికి అక్క పొడుగు చేతుల చొక్కాలు మూడింటికి కుడిచేతి కుట్టు విప్పి ఇచ్చింది కూడా మెషీనమ్మేనని ఆ సాయంత్రం తెలిసింది. ఎవరూ అడగకుండానే వచ్చి, ఒక్క దారప్పోగు తెగకుండా విప్పి, మడతపెట్టి ఇచ్చిందట. అక్క దాన్నీ వదల్లేదు.

"అడక్కుండా సాయం చేసేది ఎవరే? లోపల తప్పు గుచ్చుకునేవాళ్ళే."

ఆ మాటకి బావ తినడం ఆపి నన్ను చూసి నవ్వాడు. "మరదలు పిల్లా, నువ్వొచ్చావు కాబట్టి డాబాకి కాపలా దొరికింది. ఇక నేను నిశ్చింతగా పనికి పోతాను." తింటున్నప్పుడు అతను కుడి బొటనవేలు కొంచెం పైకెత్తి పెట్టుకోవడం చూశాను. ఎప్పుడో పానా కింద నలిగిన వేలు. గోరు నడిమికి చీలి మళ్ళీ అతకలేదు. వేలి కొస మీద ఏటవాలుగా ఒక గాడి ఉంది. నాలా మాటలు తక్కువైనవాళ్ళకి ఇలాంటివే కనిపిస్తాయి.

బావకి నీళ్ళు కారే చప్పుడు పడదు. ఎక్కడైనా కుళాయి చుక్క చుక్కగా పడుతుంటే అతనికి ముద్ద దిగదు. పరాయి ఇంట్లోనైనా సరే, లేచి వెళ్ళి బిగించి వస్తాడు.

రోజూ ఒక్కోదానికి పొద్దున రెండు చెంబులు, సాయంత్రం రెండు చెంబులు. అక్క మెట్ల దగ్గర కుర్చీ వేసుకుని చెప్పేది, నేను పోసేదాన్ని. ఒక రోజు కింద ఉండే ఇంటి ఓనరమ్మ ఆయాసపడుతూ పైకి వచ్చింది. మా డాబా నేలే ఆవిడ గదులకి పైకప్పు.

"ఏం చేశారమ్మా? ఈ ఏడు నా పైకప్పు ఇంత పొడిగా ఉంది! పోయినేడు మంచం ఎన్నిసార్లు జరుపుకున్నానో."

"మా చెల్లెలు కొలిచి పోస్తుందండీ" అంది అక్క గర్వంగా.

బావ ఆ మాట విని సంచిలో ఏదో వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

రెండో వారంలో టమాటా అడుగు ఆకులు పసుపెక్కాయి. తర్వాత పూత రాలింది. కొత్తిమీర నేలకి ఒరిగింది, లాగితే వేరు లేకుండా చేతిలోకి వచ్చింది. మిరప మొక్కలు నీళ్ళు పోసిన గంటకే తల వేలాడేశాయి. పైన మట్టి ఎండకి పెంకులా కట్టి, దాహంగా ఉన్నట్టే కనిపించేది. అక్క కుర్చీలోంచి లేచి ఒక్కొక్క బకెట్టు దగ్గరా వంగి వాసన చూసింది.

"ఏదో పోస్తోంది" అంది.

"పురుగేమో అక్కా."

"పురుగైతే ఆకు తింటుంది. ఇది అడుగు నుంచి చంపుతోంది." ఆగి, సింకు వైపు చూసింది. పుదీనా ఒక్కటే సింకు అంచులు దాటి పచ్చగా వేలాడుతోంది. "చూశావా? అన్నీ పోతుంటే ఇదొక్కటే బతికింది. ఎందుకూ? ఆవిడకి పుదీనా ఇష్టం కాబట్టి. తన నోటికి కావలసింది వదిలేసి మిగతావాటి పని పట్టింది."

అది నిజమే. మెషీనమ్మ రోజూ పొద్దున వచ్చి ఒక రెబ్బ తుంచుకుని, తను తాగే నీళ్ళ సీసాలో వేసుకునేది. అక్కే ఎప్పుడో తీసుకోమని చెప్పిందట. నేను ఆ సంగతి తర్వాత విన్నాను. అప్పుడు నాకు కనిపించింది రెబ్బ తుంచే చెయ్యి ఒక్కటే.

అనుమానంతో చూడటం మొదలుపెడితే మనిషి దగ్గినా దానికో కారణం ఉన్నట్టుంటుంది. మెషీనమ్మ సూదిలో దారం ఎక్కిస్తూ కన్ను చిట్లిస్తే మా బకెట్ల వైపు చిట్లించినట్టు అనిపించేది. నన్ను చూసి నవ్వితే ఎందుకు నవ్విందని ఆలోచించేదాన్ని. నవ్వకపోతే ఎందుకు నవ్వలేదని.

ఒక సాయంత్రం నేను నీళ్ళు పోస్తుంటే మెషీను ఆపి పిలిచింది. "చిన్నమ్మాయ్, పైన మట్టి ఎండింది సరే. ఎప్పుడైనా లోపలికి వేలు పెట్టి చూశావా?"

"లేదు పెద్దమ్మగారూ."

"చూడు ఒకసారి. ఎక్కువవుతున్నాయేమో నీళ్ళు."

నేను వేలు పెట్టి చూడలేదు. వెళ్ళి అక్కకి చెప్పాను.

"నీళ్ళు తగ్గించమందా!" అక్క కట్టు ఉన్న చెయ్యి కుర్చీకేసి కొట్టుకోబోయి ఆగింది. "ఎండలు మండిపోతుంటే నీళ్ళు తగ్గించమంటుందా? మందుకి చావనివి ఎండకి చస్తాయని. రేపటి నుంచి ఇంకో చెంబు ఎక్కువ పొయ్యి."

ఇంకో చెంబు ఎక్కువ పోశాను.

నాలుగో వారంలో ఆ పొద్దున వచ్చింది. నేను పళ్ళు తోముకుంటూ డాబా తలుపు సందులోంచి చూస్తున్నాను. మెషీనమ్మ ఒక టబ్బు నడుముకి ఆనించుకుని, ఒక చేత్తో మోకాలు పట్టుకుంటూ వచ్చింది. వంగ డబ్బాల పక్కన, పిట్టగోడలో నీళ్ళు పోయే తూము ఉంది. అక్కడ టబ్బు వంచింది. నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. నూనె డబ్బా పక్క మీద ఎర్రగా నాలుగు చుక్కలు చిందాయి.

నోట్లో నురగతోనే వెళ్ళి అక్కని లేపాను.

ఆ గొడవ కిందికి వినిపించి ఓనరమ్మ పైకి వచ్చింది. బావ అప్పటికే పనికి వెళ్ళిపోయాడు. అక్క నూనె డబ్బాని వేలితో చూపిస్తూ అరుస్తోంది. మెషీనమ్మ తడి టబ్బు చేతిలోనే పట్టుకుని నిలబడి ఉంది.

"కొత్త గుడ్డ తడపకుండా కుట్టి ఇస్తే, మొదటి ఉతుకుకే బెత్తెడు పొట్టిదవుతుంది. అప్పుడు నా పీక పట్టుకుంటారు. ఇది ఆ గుడ్డ వదిలిన రంగు. తూములో పోశానమ్మా, నీ డబ్బాలో కాదు."

"తూముకీ డబ్బాకీ మధ్య జానెడు. మీ చెయ్యి జానెడు జారదా? మెట్టు మీద జారినట్టు?"

"మెట్టేమిటి?"

"ఏమిటో మీకే తెలియాలి!"

ఓనరమ్మ చెవులు మూసుకుంది. తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వు నెమ్మదస్తురాలివి. నువ్వు చెప్పు. ఎవరు పోశారు నీళ్ళు?"

అందరూ నన్నే చూశారు. నేను చూసింది చెప్పమన్నారు, అంతే కదా.

"ఆవిడే" అన్నాను.

ఓనరమ్మకి న్యాయం తేల్చాలని లేదు, చప్పుడు ఆగాలి. పైగా ఆవిడ ఇంట్లో ఏ కుళాయి చెడినా బావే బాగుచేసేది. "ఒకటో తారీకుకల్లా గది ఖాళీ చెయ్యండమ్మా" అంది మెషీనమ్మతో. "రోజూ ఈ పంచాయితీ నావల్ల కాదు."

మెషీనమ్మ టబ్బు మళ్ళీ నడుముకి ఎత్తుకుంది. లోపలికి వెళ్తూ నా దగ్గర ఒక్క క్షణం ఆగింది. "పిల్ల చూసిందే చెప్పింది" అంది, ఓనరమ్మతో అన్నట్టే.

తిట్టి ఉంటే బాగుండేది.

సాయంత్రం బావకి అక్క అంతా చెప్పింది, మెషీనమ్మ గొంతుతో సహా. బావ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"ఖాళీ చేయించడం దేనికే? ఆవిడ బేరాలన్నీ ఈ వీధిలోనే కదా. ఆ మోకాళ్ళతో ఎక్కడికని పోతుంది?"

"ఆవిడ మోకాళ్ళ మీద ఉన్న జాలి నా చెయ్యి మీద లేదు మీకు. మెట్టు మీద నీళ్ళు పోసిందెవరు మరి?"

బావ జవాబు చెప్పలేదు. చెప్పలేకపోవడం వేరు, చెప్పకపోవడం వేరు. నాకు ఆ తేడా వినిపించింది. అప్పటి నుంచి నేను కాపలా కాసింది మెషీనమ్మని కాదు, బావని.

బావ పొద్దున్నే లేచి పనికి బయల్దేరేముందు డాబా మీదికి వచ్చేవాడు. మొక్కల్ని చూసేవాడు కాదు. మెట్ల దగ్గరున్న టమాటా బకెట్టు ముందు గొంతుక్కూర్చుని, దాని అడుగున నేల మీద అరచెయ్యి ఆనించి, చెయ్యి వెనక్కి తిప్పి చూసుకునేవాడు. తడి ఉందో లేదో చూస్తున్నట్టు. తర్వాత మెషీనమ్మ తలుపు వైపు ఒకసారి చూసి, తల దించుకుని మెట్లు దిగిపోయేవాడు. రెండు రోజులు చూశాను. మూడో రోజు కూడా చూశాను. అక్కకి చెప్పలేదు. ఒకసారి చూసింది చూసినట్టు చెబితే ఏం జరిగిందో తెలిసింది కదా.

ఒకసారి మాత్రం నోరు జారాను. "బావా, ఈ బకెట్లంటే నీకు కోపమా?"

అతను ఉలిక్కిపడ్డాడు. "నాకెందుకు కోపం? తెచ్చిందే నేను." రెండు మెట్లు దిగి, మళ్ళీ తిరిగి, "ఎందుకలా అడిగావ్?" అన్నాడు.

"ఊరికే."

అతను రెండేసి మెట్ల చొప్పున దిగి వెళ్ళిపోయాడు.

నెల ఆఖరి రోజున అక్క కట్టు విప్పించడానికి బావ ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. డాబా అవతల మెషీనమ్మ మూటలు కడుతోంది. బజారు వెనక ఏదో గది దొరికిందట. కిటికీ లేదట. ఆ మాట ఆవిడ ఎవరికో చెబుతుంటే విన్నాను. పగలు కూడా దీపం పెట్టుకుని సూదిలో దారం ఎక్కించాలి.

ఆవిడ వైపు చూడలేక ఏదో ఒక పని కల్పించుకోవాలనిపించింది. మెట్ల దగ్గర టమాటా మొక్కకి రెండే కొమ్మలు పచ్చగా మిగిలాయి. ఎండ తగలకుండా గోడ నీడకి జరుపుదామని రెండు చేతులా బకెట్టు పట్టుకున్నాను. కదల్లేదు. నడుము బిగించి మళ్ళీ లాగాను. మా ఊళ్ళో నీళ్ళ కావిడి మోసినదాన్ని, ఒక మొక్క బకెట్టు నన్ను ఓడించడమేమిటి? కాలు అడ్డం పెట్టి ఒక పక్కకి ఒరిగించాను. పైనుంచి నల్లటి నీళ్ళు ఒలికాయి. మురుగుకాలవ వాసన గుప్పుమంది.

ఒరిగిన బకెట్టు అడుగు చూశాను. అక్క కాల్చిన మేకుతో పొడిచిన చిల్లులు నాలుగు ఉండాలి. నాలుగింటి మీదా బూడిద రంగు ముద్దలు అతికించి ఉన్నాయి. పైపుల అతుకు కారితే బావ పిసికి పెట్టే ముద్ద, గంటలో రాయి అవుతుంది. శుభ్రంగా, అంచులు చదును చేసి, ఒక్కొక్కటీ మధ్యలో వేలితో అదిమి పెట్టాడు. ఆ అదుములో ఏటవాలుగా ఒక గాడి.

రెండో బకెట్టు ఒరిగించాను. మూడోది. నూనె డబ్బాలు. సింకుకి అసలు గొట్టం ఉండే కన్నానికి పెద్ద ముద్ద. పదిహేడింటి కిందా ఆ చీలిన బొటనవేలే.

మా ఊళ్ళో మడికి నీళ్ళు పెట్టడం ఒక్కటే నేను నేర్చుకున్నది. నిలిచేదాకా పెట్టి గట్టు కట్టేస్తాం, మిగిలింది భూమి చూసుకుంటుంది. బకెట్టుకి కింద భూమి లేదు. నెలన్నర నేను పోసిన నీళ్ళన్నీ ఆ మొక్కల వేళ్ళ దగ్గరే ఉన్నాయి. పొద్దున రెండు చెంబులు, సాయంత్రం రెండు, ఆ పైన ఇంకొకటి. వాటిలో బతికేది చిత్తడి అంటే పడిచచ్చే పుదీనా ఒక్కటే.

అక్కా బావా వచ్చేసరికి బకెట్లన్నీ డాబా మీద పక్కకి ఒరిగి ఉన్నాయి. అక్క చెయ్యి బక్కగా, పాలిపోయి ఉంది, ఎవరిదో చెయ్యి అరువు తెచ్చుకున్నట్టు.

"ఇదేం పనే! ఎవరు పడేశారు ఇవన్నీ?" అని అవతలి గది వైపు తిరగబోయింది.

"నేనే అక్కా. అడుగు చూడు."

అక్క వంగింది. ఎడమచేతి వేలు ఆ ముద్ద మీద పెట్టి, గాడి వెంట నడిపించింది. పదేళ్ళుగా ఆ వేలితో కాపురం చేస్తున్న మనిషికి ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

"ఏమండీ" అంది, చాలా నెమ్మదిగా.

బావ మెట్ల దగ్గరే నిలబడిపోయాడు. "నువ్వు ఆసుపత్రిలో ఉన్న రోజు చేశాను. చుక్క కారదు చూడు ఇప్పుడు" అన్నాడు మొదట, పని అప్పగించే ప్లంబరులా. తర్వాత ఎండిన మొక్కల వైపు, నల్లటి నీళ్ళ వైపు, నా వైపు చూశాడు. అతని ముఖంలో ఏదో నెమ్మదిగా దిగడం కనిపించింది. "దీనివల్లేనా ఇవి...?"

నేను తల ఊపాను.

"నీళ్ళు పోకుండా ఆపితే మంచిదే కదా అనుకున్నాను. నా పనే అది."

"ఎందుకు ఆపారు? అది చెప్పండి" అంది అక్క.

బావ గోడ గీరుతూ చెప్పాడు. "మెట్టు మీద నీళ్ళు ఈ టమాటా బకెట్టువే. చిల్లులోంచి రాత్రంతా కారి మెట్టు మీద నిలిచాయి. నువ్వు పడ్డాక నేనే తుడిచాను."

"నా బకెట్టు నీళ్ళ మీదే నేను జారానా?"

"ఊఁ."

"ఆ మాట అప్పుడే చెప్పొచ్చుగా!"

"చెబితే? బకెట్లు పారేయించడానికి నాటకం ఆడుతున్నావంటావు."

అక్క వేలికి అంటిన మట్టి దులుపుకుంది. "అనేదాన్నే" అంది చివరికి.

తర్వాత లోపలికి వెళ్ళింది. పెట్టె మూత తీసిన చప్పుడు, వేసిన చప్పుడు వినిపించాయి. బయటికి వచ్చినప్పుడు కుట్టు విప్పిన చొక్కాలు మూడూ భుజాన ఉన్నాయి. నేరుగా డాబా అవతలికి నడిచింది. నేను వెనకే వెళ్ళాను. ఇంతకుముందైతే తలుపు సందు సరిపోయేది నాకు.

మెషీనుకి గోనెపట్టా చుట్టి తాడు బిగించి ఉంది. మెషీనమ్మ దాని పక్కన ముక్కాలిపీట మీద కూర్చుంది.

"కట్టు తీసేశారు" అంది అక్క.

"కనిపిస్తోంది."

"ఈ చేతులు మళ్ళీ కుట్టాలి."

"మెషీను కట్టేశాను."

"విప్పండి మరి."

"రేపు ఒకటో తారీకమ్మా."

"ఓనరమ్మతో నేను మాట్లాడతాను."

మెషీనమ్మ అక్క ముఖంలోకి చూసింది. "ఏమని?"

అక్క చొక్కాల్ని ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుంది. నెలన్నర పాటు గుక్క తిప్పుకోకుండా మాట్లాడిన మనిషి, ఆ ఒక్క ప్రశ్న దగ్గర ఆగిపోయింది. మెషీనమ్మ తాడు మీద చెయ్యి వేసి అలాగే కూర్చుంది.

వెనక నుంచి ఠంగుమని చప్పుడైంది. బావ సుత్తి, ఉలి తెచ్చి మొదటి బకెట్టు అడుగున ముద్దని పగలగొట్టాడు. నీళ్ళు ఒక్కసారిగా తన్నుకొచ్చి, డాబా మీద నల్లగా పారి, తూములోంచి కిందికి దూకాయి.

కింద నుంచి ఓనరమ్మ కేక వేసింది. "ఎవరే అక్కడ! ఎవరు పోస్తున్నారు నీళ్ళు? మళ్ళీ ఆవిడేనా?"

అక్క నా వైపు చూసింది. బావ సుత్తి పైకెత్తి అలాగే ఉండిపోయాడు. నేను పిట్టగోడ దగ్గరికి వెళ్ళి కిందికి వంగాను. ఆ ఇంట్లో నేను గొంతెత్తింది అదే మొదటిసారి.

"మేమేనండీ! మా బకెట్లే. ఆ రోజు మెట్టు మీద నీళ్ళు కూడా మావే. పెద్దమ్మగారు ఏమీ చెయ్యలేదు. నేనే తప్పు చెప్పాను."

తూములోంచి నీళ్ళు పడుతూనే ఉన్నాయి.

"ఇంకా ఎన్నున్నాయి?" అంది ఓనరమ్మ.

"పదహారండీ."

నా వెనక, మెషీనుకి బిగించిన తాడు ముడి విప్పుతున్న చప్పుడు వినిపించింది.